ఎర్ర తెర మీద మూడు ఫేజులు: పదహారు నెలల వాడకం తర్వాత

దేవరకొండ దగ్గర మాకున్న బత్తాయి తోటలో ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. దాని స్టార్టర్ డబ్బాలో నేను అమర్చుకున్న చిన్న బోర్డు మూడు ఫేజుల వోల్టేజీని ఫోనుకు పంపుతుంది. అక్కడి నుంచి ఆ అంకెలు నేను రాసుకున్న యాప్ ద్వారా చేతి గడియారానికి చేరతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తున్నప్పటికీ, పక్క తోటల మోటార్లు ఆగిన తర్వాతే మా ట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ నిలకడగా ఉంటుంది కనుక, మా నాయిన ఇప్పటికీ అర్ధరాత్రి దాటాకే నీళ్లు పెట్టిస్తాడు. నేను గడియారాన్ని ఎక్కువగా చూసేది చీకట్లోనే. రాత్రివేళ తెర మొత్తాన్ని ఎరుపులోకి మార్చే సౌకర్యం ఉందన్న ఒక్క కారణంతోనే పదహారు నెలల కింద ఈ గడియారం కొన్నాను.

ఆ సౌకర్యం వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. మన కంట్లో మసక వెలుగులో పనిచేసే దండ కణాలు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం పరిసరాల్లోని నీలి ఆకుపచ్చ వెలుగుకు బాగా స్పందిస్తాయి, 640 దాటిన ఎరుపును దాదాపు పట్టించుకోవు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి తెరను ఒక్కసారి చూస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద నడిచేవాడికి ఇది చిన్న విషయం కాదు. పాత గడియారంతో టైము చూసుకున్న ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు నిలబడిపోయేవాడిని. ఇప్పుడు నడుస్తూనే చూసుకుంటున్నాను. ఆపిల్ వాచ్ అల్ట్రాలో 2022 నుంచి, గార్మిన్ ఎపిక్స్ ప్రో వంటి వాటిలో 2023 నుంచి ఇలాంటి ఎర్ర తెరలు వచ్చాయి కాబట్టి ఇది ఒక్క కంపెనీ ముచ్చట కాదు.

ఇబ్బందంతా యాప్ రాసిన నా వైపే ఉంది. మన దగ్గర మూడు ఫేజులను రంగులతోనే పిలుస్తారు: రెడ్, యెల్లో, బ్లూ. నేను కూడా అదే పద్ధతిలో తెర మీద ఎరుపు, పసుపు, నీలం చుక్కలు మూడు పెట్టి, ఒక్కో చుక్క కింద దాని వోల్టేజీని అదే రంగు అంకెలతో చూపించాను. ఫేజు ఉంటే చుక్క వెలుగుతుంది, పోతే ఆరిపోతుంది. పగలు చూసినప్పుడు ఇంతకన్నా తేలికైన పద్ధతి ఉండదనిపించింది.

కొన్న వారంలోనే ఒక రాత్రి మంచం మీద పడుకుని చెయ్యెత్తి చూస్తే రెండు చుక్కలే కనిపించాయి. ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, మిగిలిన రెండింటి మీద భారం పడి లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలుతుంది. ఆరు వందల అడుగుల బోరులోంచి మోటారు లాగించడం ఎంత ఖర్చో అనుభవించిన వాళ్లకు చెప్పనక్కర లేదు. "బ్లూ పోయినట్టుంది నాయినా" అన్నాను. "ముందుగాల మోటారు బంద్ చేసి, డబ్బా కాడికి పోయి చూడు బిడ్డా" అన్నాడు. ఆపేసి వెళ్లాను. డబ్బా మీద మూడు బల్బులూ ఎవరి రంగులో వాళ్లు నిక్షేపంగా వెలుగుతున్నాయి. మీటరు ఏ రెండు ఫేజుల మధ్య వోల్టేజీ చూపాలో ఎంచే సెలెక్టర్ స్విచ్ తిప్పి చూస్తే మూడు జతల మధ్యా 410 వోల్టులకు అటూ ఇటూగా ఉంది. చెయ్యి ఆ నీలం బల్బు పక్కకు తెచ్చి మళ్లీ గడియారం చూశాను. తెర మీద బ్లూ చుక్కా లేదు, దాని కింది అంకే లేదు. పసుపు చుక్క మాత్రం ఎర్ర చుక్కకు కవల పిల్లలా పక్కన నిలబడి ఉంది.

తెర మీది ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయికే. ఎర్ర తెర అందులో ఆకుపచ్చ, నీలం వెలుగులను తీసేసి ఎరుపు వాటాను మాత్రమే ఉంచుతుంది. స్వచ్ఛమైన నీలంలో ఎరుపు వాటా సున్నా గనుక అది నల్లబడింది. పసుపులోనూ తెలుపులోనూ ఎరుపు నిండుగా ఉంటుంది గనుక రెండూ ఎరుపుతో కలిసిపోయాయి. ఇంకో రకంగా, ప్రతి రంగు ప్రకాశాన్ని లెక్కగట్టి దాన్ని ఎరుపు ఛాయగా మార్చవచ్చు. అప్పుడు తెలుపుతో పోలిస్తే పసుపుకు 93 శాతం దాకా ప్రకాశం మిగులుతుంది, ఎరుపుకు మిగిలేది 21 శాతమే, నీలానికి ఏడు. అంటే ప్రమాదం అని ఎరుపులో రాసిన హెచ్చరిక పసుపు కన్నా మసకగా కనిపిస్తుంది. యాప్ రాసేవాళ్లు రెండు పద్ధతులనూ తట్టుకునేలా రాయాలి.

బూడిద రంగు అక్షరాల సంగతి ఇంకా అన్యాయం. నలుపు మీద తెలుపుకు కాంట్రాస్ట్ (అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా) 21:1 ఉంటే, నలుపు మీద నిండు ఎరుపుకు 5.25:1 మాత్రమే ఉంటుంది. తెర మీది రాత అందరికీ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు మామూలు అక్షరానికి అడిగే కనీసం 4.5:1. అంటే మన చేతిలో మిగిలే వెసులుబాటు చాలా తక్కువ. పగలు 5.3:1తో హాయిగా చదవగలిగిన నడిమి బూడిద అక్షరం ఎరుపులోకి మారగానే 1.9కి పడిపోయింది. చివరి కొలత ఎన్ని నిమిషాల కిందటిదో నేను ఆ బూడిద రంగులోనే రాశాను. పాత అంకెను కొత్తదనుకునే ప్రమాదం అక్కడే ఉంది.

తిరగరాసిన యాప్‌లో అర్థం ఉన్న ప్రతి గుర్తునూ నలుపు మీద తెలుపుతోనే గీశాను. చుక్కల స్థానంలో ఆర్, వై, బీ అక్షరాలున్న వలయాలు వచ్చాయి. ఫేజు ఉంటే వలయం నిండుగా ఉండి అక్షరం నల్లగా కనిపిస్తుంది, పోతే ఖాళీ వలయానికి అడ్డంగా గీత పడుతుంది. తెరంతా ఎర్రగా ఉన్నప్పుడు ఎర్ర హెచ్చరికను ఎవరూ గమనించరు కాబట్టి, చేతికి మూడు పొట్టి కంపనాలు తగిలేలా చేశాను. ఎర్ర తెర ఎప్పుడు అమల్లో ఉందో యాప్‌కు తెలిపే ఏర్పాటు నా గడియారంలో నాకు దొరకలేదు. అందువల్ల పగటికి వేరే, రాత్రికి వేరే తెర గీయకుండా ఒకే తెర రెండింటికీ సరిపోయేలా గీయక తప్పలేదు. కంప్యూటర్‌లో గడియారం తెరను అనుకరించి చూపే సిమ్యులేటర్ కూడా ఎరుపును చూపించదు. తెర బొమ్మను ఫొటో ఎడిటర్‌లోకి తీసుకుని ఆకుపచ్చ, నీలం వాటాలను సున్నా చేసి చూసుకుంటున్నాను. రెండు నిమిషాల పని.

నాయిన కళ్ల దగ్గర మాత్రం ఇంకో పాఠం మిగిలింది. ఎర్ర వెలుగు కంట్లో కాస్త వెనక్కు కేంద్రీకృతమవుతుంది, అందుకని చత్వారం వచ్చిన వాళ్లకు దగ్గరి ఎర్ర అక్షరాలు తెల్ల వాటికన్నా ఎక్కువగా అలుక్కుపోతాయి. ఎర్ర దీపాలు పెట్టుకున్న పాత విమానాల్లోనూ ఇదే చిక్కు ఉండేది. పైగా ఆ దీపం కింద పటాల మీది ఎర్ర గీతలు మాయమయ్యేవి. సన్నని అక్షరం తీసేసి, మూడు వోల్టేజీల్లో అన్నిటికన్నా తక్కువగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే తెర సగం నిండేలా చూపించాక, నాయిన అద్దాలు లేకుండా చదవగలుగుతున్నాడు.

బ్యాటరీలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పోయిన నెల పక్క తోట తమ్ముడికి కూడా ఈ యాప్ ఎక్కించి ఇచ్చాను. అతని గడియారంలో ఎర్ర తెర లేదు. "పైసలు పెట్టి కలర్ గడియారం కొంటే, నీ యాప్‌ల రంగులన్నీ యాడ పోయినయన్నా?" అన్నాడు. వలయాల చుట్టూ రంగు అంచు వేసే మీట ఒకటి సెట్టింగుల్లో పెట్టాను. మొదట్లో అది ఆఫ్‌లోనే ఉంటుంది.