దామెర్ల నాటకం: ముందు వరసలో కూర్చోండి

నిన్న మా విజయనగరంలో దామెర్ల రామారావు గారి మీద సంగీత నాటకం చూశాను. ఒకప్పుడు ఎంతో పేరున్న రాజమండ్రి చిత్రకారుడు. 1925లో, 28 ఏళ్లయినా నిండకుండానే మశూచితో పోయారు. మా వీధిలో అడిగితే ఒక్కరికీ తెలీలేదు, మనసు చివుక్కుమంది.

ముప్పై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన చెయ్యి నాది. కుంచె పట్టు చూస్తే చాలు, తెలిసిపోద్ది. రామారావుగా వేసిన కుర్రాడు కుంచె ముంచి, గిన్నె అంచుకి రెండుసార్లు ఒత్తి, తడి కాగితం మీద రంగుని మెల్లగా జారనిచ్చాడు. అదండీ నీటిరంగుల పనంటే!

రామారావు గారి ప్రతిభని గుర్తించిన రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఘట్టం కొంచెం సాగింది. కీబోర్డు మోతలో మాటలు మునిగిపోయాయి, హార్మోనియం సరిపోయేది. కానీ భార్య సత్యవాణిగా వేసినావిడ ఆఖరి పద్యం ఎత్తుకుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఆదివారం మళ్లీ ఉంది. పిల్లల్ని తీసుకెళ్లండి. ముందు వరసలో అయితే కుంచె బాగా కనబడుతుంది.