నయీంనగర్ కిరాయి ఇల్లు: మూడు పోర్షన్లు, ఒకే మోటారు

హనుమకొండ నయీంనగర్‌లో ఈ ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. మూడు పోర్షన్లు, ఒకే గేటు, ఒకే బోరు, మెట్ల కింద ఒకే మోటారు స్టార్టర్. గాలి, వెలుతురు బాగుంటాయి, బస్సులు దగ్గర. ఇంటికి వంక పెట్టడానికి ఏమీ లేదు. మా నిద్ర పోయింది పక్క పోర్షన్ వల్ల.

మధ్య పోర్షన్‌లోకి ఒకతను దిగాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. తర్వాత రాత్రి పదకొండు దాటాక దోస్తులు, సౌండ్ బాక్సు, గేటుకు అడ్డంగా బండ్లు. మోటారు వేసి పడుకుంటే ట్యాంకు పొంగి నీళ్లు మెట్ల మీది నుంచి మా గడప దాకా వచ్చేవి. తెల్లారి మేం స్విచ్ వేస్తే బోరు గాలి కొట్టేది. నా భార్య నర్సు. డ్యూటీకి పొద్దున్నే లేవాల్సిన మనిషి, రాత్రంతా కళ్లు తెరుచుకుని కూర్చునేది. "తమ్మీ, కొంచెం సౌండ్ తగ్గించు" అంటే "కిరాయి కడుతున్న కదన్నా, నా ఇంట్ల నా ఇష్టం" అన్నాడు.

శబ్దానికి చట్టం ఉంది. 2000 నాటి నియమాల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. 100కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు, ఆ రాత్రి బాక్సు ఆగింది. కానీ అతన్ని ఖాళీ చేయించడం పోలీసుల పని కాదు, మా వల్లా కాదు. తోటి కిరాయిదారుకూ మనకూ మధ్య ఏ కాగితమూ ఉండదు. కాగితం ఉన్నది ఓనర్‌తోనే.

ఓనర్ అంకుల్ ఉండేది కరీంనగర్‌లో. మొదట "మీరూ మీరూ చూసుకోండి" అన్నారు. రెండు పోర్షన్ల వాళ్లం కలిసి ఏ రాత్రి ఏం జరిగిందో తేదీలతో రాసి, సంతకాలు పెట్టి, వీడియోలతో పంపాకే కదిలారు. కోపంతో కరెంటు పీకేస్తానన్నారు. గట్టిగా వద్దన్నాం. మనిషి ఇంట్లో ఉండగా కరెంటు, నీళ్లు ఆపడం చట్టం ఒప్పదు, అలా చేస్తే తప్పు మనదవుతుంది.

వకీలు దారి చెప్పారు. కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే, కిరాయిదారును ఊరికే ఖాళీ చేయించనివ్వని 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. అతని కిరాయి అంతకు ఎక్కువే. అతని పదకొండు నెలల అగ్రిమెంట్ అప్పటికే అయిపోయింది, కొత్తది రాసుకోలేదు. కాబట్టి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు రిజిస్టర్ పోస్టులో పంపారు. అయినా కదలకపోతే సివిల్ కోర్టుకు పోవాలి, అదెప్పుడు తేలుతుందో! అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తామని మాట ఇచ్చాక లొల్లి లేకుండా వెళ్లిపోయాడు. గోడల మీద మేకులకూ పెయింటుకూ పట్టుబట్టకుండా ఆ డబ్బు ఇచ్చేయడం అంకుల్ చేసిన మంచి పని. మాకు ఎంత టెన్షన్ తప్పిందో మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే స్విచ్ పెట్టించారు, ప్రతి పోర్షన్‌కూ సబ్ మీటర్ ఉంది. కొత్త అగ్రిమెంట్లలో రాత్రి 10 తర్వాత సౌండ్, గేటు దగ్గర బండ్లు, నోటీసు గడువు స్పష్టంగా రాయించాం. ఇలాంటి ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు టైల్స్ తర్వాత చూడండి. ముందు పక్క పోర్షన్ వాళ్లను, "ఓనర్ ఫోన్ ఎత్తుతాడా, పిలిస్తే వస్తాడా" అని అడగండి. ఈ ఇంటికి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. అంకుల్ మొదటి ఫోన్‌కే కదిలి ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ణి.