మెల్‌బోర్న్ నుంచి టల్లీ దాకా: ఆస్ట్రేలియాలో పని వెదుక్కుంటూ చేసిన ప్రయాణం

గుంటూరు, విజయవాడల్లో ఆస్ట్రేలియా పేరెత్తగానే చదువు వీసా, ఆ తరువాత ఉద్యోగం, ఆపైన స్థిరనివాసం అనే వరుసే అందరికీ గుర్తుకు వస్తుంది. ఏడాదిపాటు ఆ దేశమంతా తిరుగుతూ, ఖర్చులకు సరిపడా అక్కడక్కడ చిన్న పనులు చేసుకునేందుకు ‘వర్క్ అండ్ హాలిడే’ అనే వీసా ఉందని, అది మనవాళ్లకూ అందుబాటులోకి వచ్చిందని తెలిసినవారు ఇంకా తక్కువే. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన భారత-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ప్రకారం 18 నుంచి 30 ఏళ్ల వయసున్న భారతీయులకు ఏడాదికి 1,000 వీసాలు కేటాయించారు. దరఖాస్తులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి లాటరీ పద్ధతిలో ఎంపిక చేస్తారు. 2024 అక్టోబరులో జరిగిన తొలి లాటరీలో నా పేరు వచ్చింది. తిరిగి గుంటూరు చేరాక బ్రాడీపేటలోనూ, విజయవాడలో స్నేహితుల ఇళ్లలోనూ నన్ను అడిగినవారందరిదీ ఒకటే ప్రశ్న: అక్కడ గంటకు ఎంత ఇస్తారు? నా అనుభవంలో అంతకంటే ముందు అడగవలసింది వారానికి ఎన్ని గంటల పని దొరుకుతుందని. నేను ఉన్న ఊళ్లన్నిటినీ, బస చేసిన చోట్లన్నిటినీ ఆ లెక్కతోనే తూచి ఇక్కడ రాస్తున్నాను.

బయలుదేరకముందు ఇక్కడ చేసుకోవలసిన పనుల గురించి ముందుగా కొంచెం చెప్పాలి. బెంజ్ సర్కిల్ పరిసరాల్లోని ఒక కన్సల్టెన్సీ, లాటరీలో పేరు వచ్చేలా చూస్తామని చెప్పి నా స్నేహితుడిని పెద్ద మొత్తం అడిగింది. ఆ ఎంపికను కంప్యూటర్ యాదృచ్ఛికంగా చేస్తుంది. దాన్ని ప్రభావితం చేయడం ఎవరి తరమూ కాదు. నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించి ఎవరికి వారే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేరు వచ్చాక అసలు వీసా రుసుము వేరుగా కట్టాలి. నేను కట్టినప్పుడు అది 650 డాలర్లు. ఇంటర్మీడియట్ తరువాత కనీసం రెండేళ్ల చదువు, సాధారణ స్థాయి ఆంగ్లం వచ్చినట్లు పరీక్ష ఫలితం, బ్యాంకులో సుమారు 5,000 డాలర్లతో పాటు తిరుగు టిక్కెట్టుకు సరిపడా సొమ్ము చూపించాలి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టు సేవా విధానం ద్వారానే తీసుకోవచ్చు. వెళ్లేముందు రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవడం మాత్రం మరువవద్దు. తోటలున్న ఊళ్లలో బండి నడపడం వచ్చినవారికి దొరికే పనులు ఇతరులకు దొరకవు. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపునే నడుపుతారు కాబట్టి అలవాటు పడటానికి ఎక్కువ సమయం పట్టదు.

మెల్‌బోర్న్‌లో నేను ఎక్కువ కాలం ఉండలేదు. టార్నీట్, పాయింట్ కుక్ వంటి పశ్చిమ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. గది దొరకడం, అన్నం దొరకడం అక్కడ సులభం. పని దొరకడం మాత్రం సులభం కాదు, ఎందుకంటే అదే పనుల కోసం మన విద్యార్థులే పెద్ద సంఖ్యలో ఎదురు చూస్తుంటారు. విద్యార్థి వీసాపై ఉన్నవారు చదువు సాగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలకు మించి పని చేయకూడదు; మన వీసాకు గంటల పరిమితి లేదు, ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండకూడదన్న నియమం మాత్రమే ఉంది. ఈ తేడాను హోటళ్లవాళ్లకు వివరించి చెబితే కొంత ఉపయోగం కనిపించింది. అయితే ఒక భారతీయ భోజనశాలలో నాకు శనివారాలు మాత్రమే పని ఇచ్చి, కూలి చేతికి నోట్ల రూపంలో ఇస్తామని, వేతన చీటీ ఉండదని చెప్పారు. వేతన చీటీ లేని పనికి ఒప్పుకోవద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే తరువాత జీతం ఎగ్గొట్టినా, రెండో ఏడాది వీసాకు ఆధారం కావలసి వచ్చినా చూపించుకోవడానికి ఏమీ మిగలదు. మెల్‌బోర్న్‌లో తప్పనిసరిగా చేసుకోవలసినవి రెండే: బ్యాంకు ఖాతా తెరవడం, పన్ను శాఖ ఇచ్చే టాక్స్ ఫైల్ నంబరుకు దరఖాస్తు చేయడం. ఆ నంబరు ఉచితం. దాన్ని తెప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు. దానికి బదులు ‘ఏబీఎన్’ అనే వ్యాపార నంబరు తెచ్చుకోమని ఒత్తిడి చేసే యజమానులు కూడా ఉంటారు. అలా చేస్తే కాగితం మీద మనం ఉద్యోగులం కాకుండా సొంత వ్యాపారులమవుతాం, కనీస వేతన రక్షణ చేజారిపోతుంది.

అక్కడి నుంచి వాయవ్యంగా సుమారు 540 కిలోమీటర్ల దూరంలో మర్రీ నది ఒడ్డున ఉన్న మిల్డురాకు వెళ్లాను. 1887లో చాఫీ సోదరులు నదీజలాలతో సాగు మొదలుపెట్టించిన ఎడారిలాంటి ప్రాంతమిది. కాలువ నీటి విలువ తెలిసిన కృష్ణా డెల్టా మనిషికి ఆ పచ్చదనం చూడగానే దాని వెనుక ఉన్న శ్రమ అర్థమవుతుంది. ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు జోరుగా సాగుతుంది. నేను వెళ్లింది చలికాలంలో, అంటే తీగల కత్తిరింపు జరిగే జులైలో. అక్కడ చాలామంది రైతులు ఒక్కో తీగకు ఇంతని లెక్కకట్టి ఇస్తారు. మిర్చి యార్డులో ఎంతో కాలం గుమస్తాగా చేసిన మా నాన్న ఫోనులో వినగానే అడిగిన మొదటి మాట: “కూలి రోజుకా, చెట్టుకా?” ఆ ప్రశ్న ఎంత విలువైనదో నాకు వారంలోపే తెలిసింది. గుంటూరు శీతల గిడ్డంగుల్లో కిలో లెక్కన మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల వేగం ఏళ్ల తరబడి చేతికి వచ్చినది. కొత్తగా కూర్చున్నవాళ్లకు సగం కూడా రాదు. కత్తిరింపు కూడా అటువంటిదే. ఈ కారణంతోనే 2022 ఏప్రిల్ 28 నుంచి ఆస్ట్రేలియా తోటపనుల్లో, లెక్కన ఇచ్చే కూలి ఎంతైనా, పనిచేసిన గంటలకు రావలసిన కనీస మొత్తం కంటే తగ్గకూడదని నియమం తెచ్చారు. గంటలు రాసిపెట్టుకున్నవారికే ఈ నియమం ఉపయోగపడుతుంది. నా మేస్త్రీ గంటలు రాయడం లేదని గమనించి, వచ్చిన సమయం, వెళ్లిన సమయం నేనే ఫోనులో రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి వారం తక్కువ పడిన సొమ్మును ఆ రాతల ఆధారంగా అడిగి రాబట్టుకున్నాను. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో కూలీలను సరఫరా చేసే మేస్త్రీలకు ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. ఆ జాబితా ఎవరైనా చూసుకోవచ్చు కాబట్టి, పేరు అందులో లేని మనిషి బండి ఎక్కకుండా ఉండటం మంచిది. మొత్తం మీద మిల్డురాలో అద్దె తక్కువ, మనుషులు మంచివారు, ఒంటరిగా తిరగడానికి భయం లేదు. కానీ కత్తిరింపు ముగిసి తరువాతి పని మొదలయ్యేలోపు ఖాళీ వారాలు వస్తాయి, అవి సంపాదించినదాన్ని తినేస్తాయి.

నేను ఎక్కువగా ఆలోచించవలసి వచ్చిన ఊరు క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్. చెరకు తోటలు, చిలగడదుంపలు, టమాటాలు, మకడేమియా గింజలు పండే ప్రాంతం కావడంతో ఏడాదిలో ఎక్కువ కాలం ఏదో ఒక పని నడుస్తూనే ఉంటుంది. బ్రిస్బేన్ నుంచి రైలులో నేరుగా చేరుకోవచ్చు. అక్కడి ప్రత్యేకత ‘వర్కింగ్ హాస్టళ్లు’: మంచం, పని, తోటకు తీసుకెళ్లే బస్సు మూడూ ఒకే యాజమాన్యం చేతిలో ఉంటాయి. బండి లేని కొత్తవారికి ఇది గొప్ప వెసులుబాటే. అయితే పని ఇచ్చేవాడే అద్దె తీసుకునేవాడు కావడం వల్ల, అతనికి మంచాలు నిండటం ముఖ్యమవుతుంది, మనకు గంటలు నిండటం ముఖ్యమవుతుంది. ఈ రెండూ ఎప్పుడూ కలవవు. నేను మొదట దిగిన హాస్టల్‌లో అద్దె వారానికి రెండు వందల డాలర్ల పైచిలుకు, బస్సు చార్జీ వేరు, అడ్వాన్సు వేరు. ‘పని ఖాయం’ అని ఫోనులో చెప్పారు కానీ, వెళ్లాక వరుసలో నా ముందు చాలామంది ఉన్నారని తెలిసింది. ఒక వారం రెండు రోజుల పనే దొరికింది. గంట కూలి ఎంత బాగున్నా ఆ వారం అద్దె కట్టగా మిగిలింది దాదాపు శూన్యం. అందుకే హాస్టల్‌కు ఫోను చేసినప్పుడు మూడు సంగతులు అడగాలని నా సలహా: ప్రస్తుతం ఎంతమంది పని కోసం ఎదురు చూస్తున్నారు, గత వారం అక్కడివాళ్లకు సగటున ఎన్ని గంటలు దొరికాయి, వెళ్లిపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు. సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్లకపోవడమే మంచిది. వీలైతే అక్కడ బస చేస్తున్న ఒకరితో మాట్లాడిన తరువాతే డబ్బు పంపాలి.

బసను తూచేటప్పుడు ధర కంటే ముందు చూడవలసినది భద్రత. బండబర్గ్‌కు దక్షిణాన సుమారు యాభై కిలోమీటర్ల దూరాన చిల్డర్స్ అనే చిన్న ఊరు ఉంది. 2000 జూన్ 23న అర్ధరాత్రి దాటాక అక్కడి ప్యాలెస్ హాస్టల్‌కు ఒకడు నిప్పంటించడంతో, పండ్లు కోసే పనికి వచ్చిన వివిధ దేశాల యువతీ యువకులు 15 మంది చనిపోయారు. ఆ కట్టడాన్ని తిరిగి నిలిపి వారి జ్ఞాపకార్థం చిత్రపటం ఏర్పాటు చేశారు. నేను సెలవు రోజున వెళ్లి దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. వారంతా నా వయసువారే, నాలాగే ఏడాది తిరుగుదామని వచ్చినవారే. ఆ తరువాత ఏ హాస్టల్‌లో అడుగుపెట్టినా పొగ హెచ్చరిక పరికరం వెలుగుతోందా, కిటికీ తెరుచుకుంటుందా, రెండో మెట్లదారి ఖాళీగా ఉందా అని చూసుకున్నాకే సామాను దించాను. మంచాలు ఇరికించి, బయటికి వెళ్లే దారిలో సామాను పేర్చిన ఒక చోటు ఎంత చవకగా వచ్చినా కాదనుకున్నాను. చివరికి మరికొందరితో కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అద్దె హాస్టల్ కంటే కొంచెం తక్కువే అయింది, వంటగది మాదయింది, పని కోసం ఏ యజమానినైనా నేరుగా అడిగే స్వేచ్ఛ దొరికింది. చిలగడదుంపల ప్యాకింగ్ షెడ్డులో నాకు నిలకడైన పని దొరికింది కూడా అలా స్వయంగా షెడ్డుకు వెళ్లి అడిగినప్పుడే. ఉదయం ఆరింటికి వెళ్లి గేటు దగ్గర ఫోర్‌మన్‌ను కలవడం, ఇంటర్నెట్‌లో పంపే దరఖాస్తుల కంటే ఎన్నో రెట్లు మేలు.

టల్లీ ఇంకా ఉత్తరాన, అరటి తోటల ప్రాంతం. ఆస్ట్రేలియాలో అత్యధిక వర్షం కురిసే పట్టణాల్లో ఇది ఒకటి. 1950లో కురిసిన 7.9 మీటర్ల వర్షానికి గుర్తుగా అంతే ఎత్తున బంగారు రంగు గమ్‌బూటును (వానలో వేసుకునే రబ్బరు బూటు) ఊరి మధ్యలో నిలబెట్టారు. వాన ఉన్నా అరటి కోత ఆగదు, పంట ఏడాదంతా ఉంటుంది, అందువల్ల నా ప్రయాణం మొత్తంలో వారానికి గంటలు నిండుగా దొరికింది ఇక్కడే. బరువైన గెలను భుజాన మోసే పని చాలా కష్టమైనది. నడుము అలవాటు లేనివారు ప్యాకింగ్ షెడ్డు అడగడం మంచిది. తడి గెలల్లో పాములు, సాలీళ్లు ఉంటాయి కాబట్టి చేతి తొడుగులు, పొడవాటి చొక్కా తప్పనిసరి. ఊళ్లో చూడదగినవి ఎక్కువ లేవు, బస సాదాసీదాగా ఉంటుంది. కానీ ఖర్చు పెట్టే చోటు లేకపోవడం వల్లనే డబ్బు మిగిలింది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుపానుల కాలం కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవారు ఆ జాగ్రత్తతో వెళ్లాలి.

క్వీన్స్‌లాండ్ తీరంలోని పర్యాటకుల ఊరు ఎయిర్లీ బీచ్‌లో కొద్దికాలం హోటల్ గదులు శుభ్రం చేశాను. హోటల్ పనిలో క్యాజువల్ ఉద్యోగికి, అంటే సెలవుల జీతం లేకుండా పనిచేసేవారికి, శనివారం మూల వేతనానికి ఒకటిన్నర రెట్లు, ఆదివారం 1.75 రెట్లు ఇవ్వాలి కాబట్టి, వారాంతపు షిఫ్టులు దొరికితే తక్కువ గంటలకే తోటపని అంత వస్తుంది. అద్దెలు మాత్రం పర్యాటకుల ధరలో ఉంటాయి. ఉద్యోగులకు బస ఇచ్చే రిసార్టు దొరికితేనే అక్కడ ఆగడం లాభం. సముద్రం అందమైనది, మనసుకు హాయినిచ్చే ఊరు, ఒక నెల ఉండదగినది.

కూలి లెక్కలు తెలియకుండా వెళ్లవద్దు. 2025 జులై 1న దేశ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది; సెలవులు, జబ్బు రోజుల జీతం లేని క్యాజువల్ పనికి దానిపైన 25 శాతం కలపాలి. ఈ వీసాపై ఉన్నవారికి తొలి 45,000 డాలర్ల సంపాదన మీద 15 శాతం పన్ను పడుతుంది. యజమాని పన్ను శాఖలో నమోదు కాకపోతే ఎక్కువ కోస్తారు, కాబట్టి ముందే అడగాలి. జీతం అందిన తరువాత ఒక పనిదినంలోపు వేతన చీటీ ఇవ్వడం చట్టం. అన్యాయం జరిగితే కార్మికుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు 13 13 94 నంబరులో చెప్పుకోవచ్చు; ఆంగ్లంలో మాట్లాడటానికి జంకేవారు 13 14 50కి ఫోను చేసి దుభాషిని అడగవచ్చు. మన దేశానికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌తో ఒప్పందం లేదు, కాబట్టి ఆరోగ్య బీమా లేకుండా తోటపనికి దిగడం ప్రమాదకరం.

రెండో ఏడాది వీసా కావాలనుకునేవారు నిర్దేశించిన ప్రాంతాల్లో, నిర్దేశించిన పనులు మూడు నెలలపాటు, అంటే 88 రోజులు చేసి ఉండాలి. ఊరి పోస్టల్ కోడు ఆ జాబితాలో ఉందో లేదో పనిలో చేరకముందే చూసుకోవాలి, మేస్త్రీ మాట మీద ఆధారపడకూడదు. వేతన చీటీలన్నిటినీ ఒకచోట భద్రపరచాలి. యజమాని జీతానికి అదనంగా 12 శాతం ‘సూపర్’ అనే పింఛను ఖాతాలో వేస్తాడు. దేశం విడిచి, వీసా ముగిశాక దాన్ని వెనక్కు అడగవచ్చు కానీ అందులో 65 శాతం పన్నుగా పోతుంది. కాబట్టి ఆ సొమ్మును ముందే లెక్కల్లో వేసుకోవద్దు. పన్ను సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. గుంటూరు తిరిగి వచ్చాక నేను రిటర్ను ఇక్కడి నుంచే దాఖలు చేశాను, ఆ డబ్బు చేరేవరకు అక్కడి బ్యాంకు ఖాతాను మూసివేయలేదు, మీరూ మూసివేయవద్దు.