జబ్బు వచ్చి తగ్గడం మేలా, టీకా మేలా?

"ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదు, దానికి టీకా ఎందుకు?" అనే మాట చాలాసార్లు వింటుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. తట్టు ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు. రెండు డోసుల టీకాతో రక్షణ దొరికేది నూటికి 97 మందికి. గవదబిళ్లల టీకా ఇచ్చే రక్షణ అయితే ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కూడా. ఇంతవరకే చూస్తే జబ్బుకే మార్కులు వేయాలి.

అయితే ఆ ఇమ్యూనిటీ ఊరికే రాదు. తట్టు అంటే ఒంటి మీది దద్దుర్లే అనుకుంటాం. నిజానికి ఆ వైరస్ పాత జబ్బులను గుర్తుపెట్టుకునే రక్తకణాల్లోకే దూరి వాటిని చంపేస్తుంది. టీకా వేయించుకోని పిల్లలకు తట్టు వచ్చాక చూస్తే, అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోయాయని 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. ఒక్క తట్టు నుంచి రక్షణ వచ్చింది సరే, మిగతావాటి నుంచి ఉన్నది కాస్తా పోయింది! టీకా వేసిన పిల్లల్లో ఇలాంటి నష్టం కనిపించలేదు.

ఆటలమ్మది ఇంకో కథ. పొక్కులు మాడిపోయి, పిల్లాడు మళ్లీ ఆటల్లో పడతాడు. వైరస్ మాత్రం ఎక్కడికీ పోదు, వెన్ను పక్కన నరాల మొదళ్లలో నక్కి ఉంటుంది. నలభై, యాభై ఏళ్ల తర్వాత, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీ వేసినట్టు నీటి పొక్కులై బయటికొస్తుంది. అదే సర్పి. చొక్కా తగిలినా మంట. పొక్కులు ఎండినా కొందరికి నెలల తరబడి నొప్పి వదలదు.

ధనుర్వాతం దగ్గర ఆ పాత మాట అసలు చెల్లదు. ఆ జబ్బు క్రిమి వదిలే విషం మనిషిని చంపగలిగే మోతాదు ఎంత తక్కువంటే, దాన్ని గుర్తుపట్టి నేర్చుకోవడానికి శరీరానికి అది చాలదు. అందుకే బతికి బయటపడ్డవాళ్లకి కూడా టీకా వేయాల్సిందే.

అలాగని ప్రతిసారీ టీకాదే పైచేయి అంటే నేను ఒప్పుకోను. డెంగీ సంగతే చూడండి. ఆ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి తగ్గాక మరో రకం వస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. 2015లో అనుమతి పొందిన మొదటి డెంగీ టీకాతోనూ ఇదే చిక్కు వచ్చింది. అంతకుముందు డెంగీ రాని పిల్లలకు వేస్తే, తర్వాత నిజంగా డెంగీ వచ్చినప్పుడు అది ముదిరే అవకాశం పెరిగిందని 2017లో బయటపడింది.

డెంగీని పక్కన పెడితే, పైన చెప్పినవాటన్నిటికీ నా ఓటు టీకాకే. ఆటలమ్మ చిన్నప్పుడే వచ్చిపోయినవాళ్లు కూడా "మన పని అయిపోయింది" అనుకోనక్కర్లేదు. సర్పి రాకుండా వేసే టీకా వేరే ఉంది. చాలా దేశాల్లో దాన్ని యాభై, అరవై దాటినవాళ్లకి వేస్తున్నారు.