కిలిమంజారో ఎక్కాలంటే మరంగునా, మచామేనా?

టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. తాళ్లు పట్టుకుని ఎక్కే పని లేకుండా నడిచే వెళ్లవచ్చు. గైడ్ మాత్రం తప్పనిసరి. బుక్ చేసుకునే ముందు తేల్చుకోవాల్సింది దారి. ఎక్కువమంది మరంగు, మచామే దారుల మధ్యే ఊగిసలాడతారు.

మరంగులో టెంట్ల బాధ లేదు. మందారా, హొరొంబో, కిబో మజిలీల దగ్గర చెక్క, రాతి గదుల్లో మంచాల మీద పడుకోవచ్చు. వానలో ఇది పెద్ద ఊరట. వాలు కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఎక్కిన దారిలోనే దిగాలి.

అందుకే చాలామంది ఇది తేలిక అనుకుని అయిదు రోజుల ప్యాకేజీ తీసుకుంటారు. నాకు భయం వేసేది అక్కడే. ఈ కొండ మీద వెనక్కి తిప్పేది కాళ్ల నొప్పి కన్నా ఎక్కువగా పలచటి గాలి. తలనొప్పి, వాంతులు మొదలయ్యాయంటే ఎంత ఫిట్‌గా ఉన్నా లాభం లేదు. శరీరం అలవాటు పడటానికి రోజులు కావాలి.

మచామేలో ఆ అవకాశం దారిలోనే ఉంది. లావా టవర్ అనే రాతి గుట్ట దగ్గర సుమారు 4,600 మీటర్ల ఎత్తుకు ఎక్కి, రాత్రికి 4,000 లోపున్న బరాంకోకి దిగి పడుకుంటారు. మర్నాడు బరాంకో గోడ అనే నిటారు రాతి వాలు ఎక్కేటప్పుడు చేతులూ వాడాలి. రాత్రులన్నీ టెంట్లోనే, చలి గట్టిగా ఉంటుంది. దిగేది మ్వేకా వైపు.

నన్నడిగితే ఏడు రోజుల మచామే. టెంటు అస్సలు పడదంటే మరంగుకే వెళ్లండి, కానీ హొరొంబోలో అదనంగా ఒక రాత్రి ఆగండి.