లోన్ ఉన్న ఇల్లు నాలుగేళ్లు అద్దెకిచ్చాక: బ్యాంకు అనుమతిపై నా అనుభవం

భీమవరంలో 2017లో కట్టుకున్న మా ఇంటి మీద ఇరవయ్యేళ్ల హోమ్ లోన్ ఉంది. 2021 జూన్‌లో నాకు కాకినాడ బదిలీ అయింది. తాళం వేసి వెళ్దామంటే, మా వైపు ఒక్క వర్షాకాలానికే గోడలు చెమ్మెక్కి తలుపులు ఉబ్బిపోతాయి. పైగా 18,600 ఈఎంఐ కడుతూ అక్కడ ఇంకో అద్దె కట్టాలి. అద్దెకివ్వక తప్పలేదు.

"బ్యాంకుకి చెప్పడమెందుకండీ, ఈఎంఐ కడుతుంటే ఎవరడుగుతారు?" అన్నారు తెలిసినవాళ్లందరూ. ఆ రాత్రి లోన్ అగ్రిమెంట్ తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అద్దెకు, లీజుకు ఇవ్వకూడదని సన్న అక్షరాల్లో ఉంది. తనఖాలో ఉన్న ఇంటిని యజమాని లీజుకివ్వొచ్చని ఆస్తి బదిలీ చట్టం 65ఎ సెక్షన్ చెబుతుంది గానీ, తనఖా పత్రంలో వేరే షరతు రాసుకుంటే ఆ షరతే చెల్లుతుంది. భవనమైతే లీజు మూడేళ్లు మించకూడదు, అద్దె ముందుగా తీసుకోకూడదు అని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇది చదివాకే, ఏడాది అద్దె ఒకేసారి ఇస్తాను కొంచెం తగ్గించండి అన్న ఒకాయనకి కుదరదని చెప్పేశాను. ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే మూడు నెలల అడ్వాన్సు వేరు, ముందస్తు అద్దె వేరు.

అనుమతి కోరుతూ బ్రాంచిలో ఇచ్చిన మొదటి ఉత్తరం ఎక్కడో పోయింది. మూడు వారాలు తిరిగాక, "మళ్లీ రాసివ్వండి" అన్నారు. చాలా బాధేసింది. రెండోసారి రెండు కాపీలు తీసుకెళ్లి, నా కాపీ మీద స్టాంపు, తేదీ వేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. మొత్తం ఐదు వారాలకి అనుమతి వచ్చింది: పదకొండు నెలల అగ్రిమెంటే రాసుకోవాలి, దాని కాపీ బ్యాంకుకివ్వాలి, ఇన్సూరెన్స్ ఆగకూడదు. వడ్డీ పెంచుతారేమోనని నాకున్న టెన్షన్ తీరిపోయింది, నా లోన్‌లో ఏ మార్పూ రాలేదు.

ఆ కాగితం విలువ 2023లో తెలిసింది. ఒక మధ్యాహ్నం అద్దెకున్నవాళ్ల ఆవిడ ఫోన్ చేసింది. "అన్నయ్యగారండీ, బ్యాంకు నుంచి ఎవరో వచ్చారు, ఇంట్లో ఎవరుంటున్నారని అడుగుతున్నారు. ఇల్లు వేలానికి వెళ్లిపోతుందా అండీ?" గొంతు వణుకుతోంది. వాళ్లాయన రొయ్యల మేత కంపెనీలో పని మీద చెరువుల మీద ఉన్నాడు, పిల్లలకి పరీక్షలు. అగ్రిమెంట్‌తో పాటు ఇచ్చిన బ్యాంకు అనుమతి జిరాక్సు చూపించమన్నాను. వచ్చినతను దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఐదు నిమిషాల్లో వెళ్లిపోయాడు.

అనుమతి నా కోసమే అనుకున్నాను గానీ, ఎక్కువ అవసరం వాళ్లకే. ఈఎంఐలు ఆగిపోతే, మొండి బాకీల వసూలు కోసం ఉన్న సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోగలదు. బ్యాంకుకి తెలియకుండా వచ్చి చేరినవాళ్లకి అప్పుడు పట్టు చాలా తక్కువ. 33,000 అడ్వాన్సు ఇచ్చి సామాను దింపుకునే కుటుంబానికి ఇల్లు తాకట్టులో ఉందని ముందే చెప్పాలి. నేను చెప్పాను. చెప్పినందుకు ఎవరూ వెనక్కి పోలేదు.

ట్యాక్సు సంగతికొస్తే, అద్దెను ఆదాయంగా చూపించాలి. మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు వస్తుంది, లోన్ వడ్డీ కూడా తీసేయొచ్చు. పాత పన్ను విధానంలో, వడ్డీ ఎక్కువై ఇంటి మీద నష్టం తేలితే జీతంలోంచి ఏడాదికి 2 లక్షల వరకే సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ సర్దుబాటు లేదు.

విసుగు పుట్టించేది ఒకటే. పదకొండు నెలలకోసారి కొత్త అగ్రిమెంట్ పట్టుకుని కాకినాడ నుంచి రావడం. బ్రాంచిలో మనుషులు మారినప్పుడల్లా కథ మొదటి నుంచీ చెప్పాలి.

ఈ నెలాఖరుకి అద్దెకున్నవాళ్లు ఉండి ఊరికెళ్లే రోడ్డులో సొంతిల్లు కొనుక్కుని వెళ్లిపోతున్నారు. కొత్తగా చేరేవాళ్ల పేరుతో ఉత్తరం నిన్ననే బ్రాంచిలో ఇచ్చి, నా కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను.