ముందు బైనాక్యులరా, టెలిస్కోపా?

డిగ్రీ మొదటి ఏడాది ఫిజిక్స్ చదివే పిల్లలు అడిగితే, ముందు 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, ముందు కటకాలు 50 మి.మీ. వెడల్పున్న) బైనాక్యులర్ కొనుక్కోమంటాను. డాబా మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు ఒంటికి ఆనించి చూడండి. మామూలు కంటికి ఆరేడు చుక్కలుగా కనిపించే కృత్తికలు పదుల కొద్దీ విచ్చుకుంటాయి. ఆ మొదటి చూపు మరిచిపోలేం. చెయ్యి వణక్కపోతే గురుడి పక్కన చంద్రులూ దొరుకుతారు.

శని వలయాలు మాత్రం అందులో విడిగా తెలియవు. వాటికి ముందు కటకం 70 మి.మీ. వెడల్పున్న టెలిస్కోపు చాలు. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 700 మి.మీ. ఉన్నదానికి 10 మి.మీ. నాభ్యంతరం గల ఐపీస్ (కంటి దగ్గర పెట్టే కటకం) పెడితే 70 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. క్లాసులో రాసుకున్న భాగహారమే ఇది. కానీ స్టాండు బలహీనమైతే ఫోకస్ తిప్పినప్పుడల్లా బొమ్మ ఊగిపోతుంది. పైగా భూమి తిరుగుతోంది కదా, గ్రహం ఒకట్రెండు నిమిషాల్లో పక్కకు జారిపోతుంది. రెండింటిలో దేన్నీ సూర్యుడి వైపు తిప్పకండి.